మండల విలేకరి పని ఇంక ఎవరికైనా కావాలా? పదకొండేళ్లు రాశాక మానేయాలా అని అడుగుతున్నా

పాలమూరు_విలేకరి (ప్రశ్న)

అందరికీ నమస్తే. నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక మండలానికి విలేకరిని నేను. పేపర్ పేరు, మండలం పేరు రాయను, ఎందుకో ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు. నాకు 38 ఏళ్లు. పదకొండేళ్లుగా రాస్తున్నా.

మొన్న వానాకాలం జరిగింది చెప్తాను, నా ప్రశ్న అందులోనే ఉంది. రాత్రి పదిన్నరకు మా మండలం వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఒక్కసారే మెసేజ్ వచ్చింది, పెద్ద చెరువు కట్ట తెగింది, కింది ఊళ్లు ఖాళీ చేయండి అని. దాని కింద ఒక వీడియో. నీళ్లు ఉరుకుతున్నాయి, ఎక్కడివో తెలియదు. పది నిమిషాల్లో నాకు ఇరవై ఫోన్లు. కింది ఊళ్లో మా మేనత్త వాళ్లు బర్రెలను విప్పి రోడ్డెక్కించారు, పిల్లల్ని ట్రాక్టర్ ట్రాలీలో కూర్చోబెట్టారు, పైన వాన. నేను బండి తీసి పద్నాలుగు కిలోమీటర్లు పోయాను. సెల్‌ఫోన్ లైటు వేసుకుని తూము దగ్గర నుంచి, చెరువు నిండితే ఎక్కువైన నీళ్లు బయటికి పోయే అలుగు దాకా కట్ట మీద నడిచి చూశాను. కట్టకు ఏమీ కాలేదు. అలుగు మోకాలి లోతున పారుతోంది, అంతే. ఒకచోట మట్టి కొంచెం జారితే చెరువు నీళ్లు చూసుకునే నీరటి, ఇంకో నలుగురు ఇసుక బస్తాలు వేస్తున్నారు. ఇరిగేషన్ ఇంజినీరు ఏఈకి ఫోన్ చేస్తే ఆయన కూడా దారిలో ఉన్నానన్నారు. ఫొటో తీసి, అక్కడే నిలబడి, కట్ట తెగలేదు, అలుగు పారుతోంది, ఎవరూ వాగు దాటొద్దు అని నా పేరుతో, నా నంబర్‌తో అన్ని గ్రూపుల్లో పెట్టాను. అర్ధరాత్రి దాటాక జనం ఇళ్లకు మళ్లారు.

మర్నాడు పేపర్లో నాలుగు లైన్లు వచ్చింది. మాకు జీతం ఉండదు, లైన్ అకౌంట్ ఉంటుంది, అంటే అచ్చయినదాన్ని కొలిచి డబ్బులు. ఆ నాలుగు లైన్లకు ఏమొస్తుందో మీరే అనుకోండి. నెలంతా కలిపినా నా బండి పెట్రోలుకు చాలదు. ఇల్లు నడిచేది యాడ్స్ కమీషన్ మీద. జూన్ 2కు, ఆగస్టు 15కు, జనవరి 26కు, పేపర్ వార్షికోత్సవానికి టార్గెట్ ఇస్తారు. సర్పంచులు, రేషన్ డీలర్లు, ప్రైవేట్ స్కూళ్లు, కాంట్రాక్టర్లు. నిన్న ఎవరి మీద వార్త రాశానో ఈరోజు వాళ్ల గుమ్మం ముందే యాడ్ కోసం నిలబడాలి. ఈ ఒక్క విషయం నన్ను లోపల తినేస్తోంది.

ఇప్పుడు కొత్తగా రోజుకు రెండు నిలువు వీడియోలు పంపమంటున్నారు. మా ఊళ్లో పేపర్ వేయించుకునే ఇళ్లు నేను చేరినప్పటికి ఇప్పటికి సగానికి సగం తగ్గాయి. కిరాణా షాపు పెట్టుకుందాం అంటోంది మా ఆవిడ, ఆమె అనేదాంట్లో తప్పులేదు. కానీ ఆ రాత్రి నేను లేకపోతే కట్ట మీదికి ఎవరు పోయేవాళ్లు అని మళ్లీ మళ్లీ అనిపిస్తోంది. పదేళ్ల తర్వాత ఈ పని ఉంటుందా? ఉంటే ఎవరి డబ్బుతో ఉంటుంది? అనుభవం ఉన్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.


డెస్క్_మనిషి

తమ్ముడూ, నేను జిల్లా డెస్క్‌లో పాతికేళ్లు పనిచేసి బయటికొచ్చాను. నీలాంటివాళ్లు పంపిన వార్తలు దిద్దే బతికాను కాబట్టి నీకు జవాబు చెప్పే బాధ్యత నాకుంది అనుకుంటున్నా.

తెలుగు పేపర్లను ఇంత పెద్దవి చేసింది హైదరాబాద్‌లో కూర్చున్న ఎడిటర్లు కాదు, మండల విలేకరులు. 1980ల చివర్లో జిల్లా పేజీలు విడిగా రావడం మొదలయ్యాక, తన ఊరి పేరు, తన బోరు సమస్య, తన బిడ్డ పదో తరగతి ఫస్ట్ ర్యాంకు అచ్చులో చూసుకున్నాడు కాబట్టే రైతు పేపర్ కొన్నాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అక్షరాస్యత తరగతుల్లో వాళ్లు చదువుకున్న 'సీతమ్మ కథ' అనే పాఠం నుంచి పుట్టిన కోపం అది. ఒక ఊళ్లో జరిగినది పక్క ఊరికి, ఆ ఊరి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి పాకిందంటే మధ్యలో ఎవరో సైకిలేసుకుని పోయి వాళ్ల మాటలు రాసుకొచ్చారు కాబట్టే. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. ఆ వార్తలు రాసినవాళ్లలో ఎక్కువమందికి బైలైన్ కూడా లేదు, అంటే వార్త మీద పేరు కూడా పడలేదు.

ఇక నీకు జరుగుతున్న అన్యాయం సంగతి. చేరేటప్పుడు నీ చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని ఉంటారు, 'నా ప్రధాన వృత్తి వేరే ఉంది, వార్తలు రాయడం నాకు ఆసక్తి మాత్రమే' అని. అది ఊరికే పెట్టించుకున్నది కాదు. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం జర్నలిజమే ప్రధాన వృత్తిగా ఉన్నవాళ్లకే వర్తించేది. పేపర్లలో పనిచేసేవాళ్లకు మజీఠియా వేజ్ బోర్డు చెప్పిన జీతాలను 2011లో కేంద్రం నోటిఫై చేసింది, యాజమాన్యాలు కోర్టుకెక్కితే 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వాటిని సమర్థించింది. ఇంత జరిగినా నీ దాకా పైసా రాలేదంటే ఆ ఒక్క సంతకమే కారణం. నేను డెస్క్‌లో ఉండి కూడా ఈ సంతకాల గురించి ఏనాడూ గట్టిగా నోరెత్తలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

యాడ్స్ కోసం వెళ్లే విలేకరికి వార్త రాసే ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? 2009 ఎన్నికల్లో డబ్బులు తీసుకుని అభ్యర్థుల పొగడ్తలను వార్తలుగా అచ్చేయడం మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యుల కమిటీ వేసింది. ఒకరు పరంజయ్ గుహా ఠాకుర్తా, రెండోవారు మన కె. శ్రీనివాస్ రెడ్డి గారు. వాళ్లు పేపర్ల పేర్లతో సహా రిపోర్టు ఇస్తే, 2010లో కౌన్సిల్ దాన్ని కుదించి చిన్న రిపోర్టు బయటపెట్టింది. పూర్తి రిపోర్టు బయటికి రావడానికి 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశం కావాల్సి వచ్చింది. పేపర్ మీద నమ్మకం పోయింది యూట్యూబ్ వల్లనే అనేవాళ్లకు నేను ఇదే గుర్తుచేస్తాను. ఫోన్లు రాకముందే మనం సగం పోగొట్టుకున్నాం.

నా సలహా, ముందు యాడ్స్ పని వదిలెయ్. రాయడం మానకు. షాపు పెట్టుకో, ఇల్లు దాని మీద నడవనీ. నీ వార్త ఎవరి దయ మీదా ఆధారపడకూడదు.


సిక్స్‌టీన్_బై_నైన్

అందరూ పేపర్ గురించి ఇంత ప్రేమగా మాట్లాడుతుంటే ఒక మాట చెప్పాలనిపించింది. నేను మహబూబ్‌నగర్ వైపు సొంతంగా యూట్యూబ్ ఛానల్ నడుపుతాను. ఉదండాపూర్ రిజర్వాయర్ కింద ఇళ్లు, భూములు పోతున్నవాళ్లు పరిహారం కోసం టెంట్ వేసుకుని కూర్చుంటే పెద్ద పేపర్లలో లోపలి పేజీలో ఒక మూల వేసేవాళ్లు, అదీ అందరూ కాదు. నేను పోయి వాళ్లను గంటసేపు మాట్లాడించి అలాగే పెట్టాను. ఎనభై ఏళ్ల అవ్వ తన ఇంటి గోడను తడుముతూ మాట్లాడింది, నేను మధ్యలో ఒక్క మాట కూడా అడ్డం పోలేదు. ఆ వీడియో కలెక్టరేట్‌లో కూడా చూశారని నాకు తర్వాత తెలిసింది. కాబట్టి అన్నా, నిలువు వీడియో అనగానే తక్కువ పని అనుకోవద్దు.

కానీ నా వైపు లోపం కూడా చెప్తాను. నాకు డెస్క్ లేదు. రెండేళ్ల కింద ఒక రోడ్డు ప్రమాదంలో ముగ్గురు చనిపోయారని పెట్టాను, పేర్లతో సహా. అక్కడున్న కానిస్టేబుల్ చెప్పాడు, నేను పెట్టేశాను. మూడో అబ్బాయి బతికే ఉన్నాడు, ఆస్పత్రిలో ఆపరేషన్ జరుగుతోంది. దుబాయ్‌లో ఉన్న పెద్దకొడుకు ఫోన్ చేస్తే ఆ వార్త విని వాళ్ల అమ్మ ఇక్కడ ఇంట్లోనే పడిపోయింది. నేను గంటన్నరలో తీసేశాను, వాళ్లింటికి పోయి కాళ్ల మీద పడ్డాను. అబ్బాయి బతికాడు. కానీ ఆ గంటన్నర నేను తిరిగి ఇవ్వలేను కదా. ఆ రోజు నుంచి ఆస్పత్రి డాక్టర్‌తో మాట్లాడనిదే చనిపోయారు అన్న మాట వాడను. ఒక సీనియర్ పక్కన ఉంటే, ఇంకొకరికి ఫోన్ చెయ్ రా అని ఒక్కమాట అనేవాడు. సొంత ఛానళ్లు పెట్టుకున్న మాలాంటివాళ్లకు అది కావాలి, లైకులు కాదు.

డబ్బు సంగతి అంటారా, నిర్వాసితుల వీడియోకి వచ్చింది జాతర వీడియోకి వచ్చినదాంట్లో పదో వంతు కూడా ఉండదు.


ఎడ్మంటన్_తెలుగు

మాదీ నాగర్‌కర్నూల్ జిల్లానే, కొల్లాపూర్ వైపు. కెనడాలో ఉంటాను. ఈ ప్రశ్న చదివి పనిలో మనసు పెట్టలేకపోయాను.

విలేకరులు రాసింది జనానికి చేరకుండా చేస్తే ఏమవుతుందో ఇక్కడ నేను చూసినది చెప్తాను. వార్తల లింకులు వాడుకుంటున్నందుకు గూగుల్, ఫేస్‌బుక్ లాంటివి వార్తా సంస్థలకు డబ్బు కట్టాలని ఇక్కడ 2023లో చట్టం చేశారు. గూగుల్ చివరికి ఏడాదికి పది కోట్ల కెనడా డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఫేస్‌బుక్ నడిపే మెటా మాత్రం డబ్బు కట్టేది లేదని 2023 ఆగస్టు నుంచి దేశం మొత్తంలో వార్తల లింకులే ఆపేసింది. అదే నెలలో ఉత్తరాన ఎల్లోనైఫ్ అనే ఊరి మీదికి అడవి మంటలు వచ్చి దాదాపు ఇరవై వేలమందిని ఊరు ఖాళీ చేయమన్నారు. వాళ్లలో చాలామంది మా ఎడ్మంటన్ దాకా కార్లలో వచ్చారు. ఏ రోడ్డు తెరిచి ఉంది, మంట ఎంత దూరంలో ఉంది అని వార్తా సంస్థలు రాస్తూనే ఉన్నాయి, కానీ జనం అలవాటుగా వెతికేచోట ఆ లింకు తెరుచుకోదు. స్క్రీన్‌షాట్లు తీసి ఒకరికొకరు పంపుకున్నారు. నాకు అప్పుడు అర్థమైంది, వార్త రాసేవాడు ఒకడైతే, అది జనానికి చేరే దారి తాళంచెవి ఇంకొకడి జేబులో ఉంది. చట్టం చేసినవాళ్లది తప్పని నేను అనను. డబ్బు ఇవ్వాల్సిందే. కానీ ఒక్క కంపెనీ దారి మీదే ఆధారపడితే ఇలాగే అవుతుంది.

మా నాన్న ఊళ్లో ఒక్కడే ఉంటాడు. అక్కడ వాన దంచి కొడుతోందని తెలిస్తే నేను ఇక్కడ పగలంతా టెన్షన్‌తో చస్తాను. ఆ టైంలో టీవీ చర్చ నాకెందుకు? మా ఊరి వాగు రోడ్డు మీదికి వచ్చిందా లేదా, అది ఒక్కటి చెప్పే మనిషి కావాలి. రోజూ జిల్లా ఈ-పేపర్ తెరిచి మా మండలం పేరు ఎక్కడుందో వెతుక్కుంటాను. చాలా రోజులు ఉండదు. విలేకరి అన్నా, మీరు చేసే పనికి నెలనెలా డబ్బు కట్టడానికి నేను సిద్ధం, నాలాంటివాళ్లు మా ఊరి నుంచే బయట నలభైమంది ఉన్నారు. దాన్ని ఎలా కట్టాలో చెప్పేవాళ్లు లేరు, అంతే.


గద్వాల_టీచర్

విలేకరి అన్నా, మీ మీద గౌరవంతోనే ముందు ఒక చేదు మాట. మా స్కూల్‌కు ఒకాయన వచ్చి మధ్యాహ్న భోజనం బాగాలేదని రాస్తా, లేదంటే యాడ్ ఇప్పించండి అన్నాడు. భోజనం బాగానే ఉంది, మేమూ పిల్లలతో కలిసి అదే తింటాం. వంట చేసే ఆమెకు నెలకు వచ్చేదే కొంచెం, ఆమె భయపడి తన డబ్బుల్లోంచి ఇవ్వబోయింది. అలాంటివాళ్లను చూసే ఊళ్లలో విలేకరి అంటే మొహం తిప్పుకుంటున్నారు. మీరు చెప్పిన లైన్ అకౌంట్ విన్నాక ఆయన ఎందుకు అలా తయారయ్యాడో కొంత అర్థమైంది కానీ ఆమె కళ్లల్లో భయం మాత్రం నేను మరిచిపోలేను.

ఇక అవసరం ఉందా అన్నారు కదా. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందని వాట్సాప్‌లో ఎక్కడిదో వీడియో తిరిగింది గుర్తుందా? రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కొత్త మనిషి కనబడితే కొట్టారు, ప్రాణాలు పోయాయి. మా గద్వాల, వనపర్తి జిల్లాల్లో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి గారు పోలీసులను ఊరూరికీ పంపారు, నాలుగు వందలకు పైగా ఊళ్లు. డప్పు కొట్టించి, పాటలు పాడించి, ఫోన్లో వచ్చిందల్లా నమ్మొద్దని చెప్పించారు. ఇక్కడ ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఆ వేసవి సెలవుల్లో నేను ఊళ్లోనే ఉన్నాను. జనం ఆ మాట ఎందుకు విన్నారంటే ఎదురుగా నిలబడి, పేరు తెలిసిన మనిషి చెప్పాడు కాబట్టి. మీరు కట్ట మీద నుంచి మీ నంబర్‌తో పెట్టారే, సరిగ్గా అదే పని.

మా స్కూల్లో ప్రార్థన తర్వాత ఒక విద్యార్థి పేపర్ చదువుతాడు. ఈమధ్య పిల్లలు, ఇది నిన్ననే ఫోన్లో చూశాం టీచర్ అంటున్నారు. అందుకని చదవడం మార్చాను. ఒక వార్త తీసుకుని దీన్ని ఎవరు కళ్లతో చూశారు, ఎవరు చెప్తే రాశారు, ఎవరి మాట ఇందులో లేదు అని అడుగుతాను. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి మొన్న చేయెత్తి, టీచర్ ఈ బోరుబావి వార్తలో సర్పంచ్ మాట ఉంది, అధికారి మాట ఉంది, నీళ్లు మోసే ఆడవాళ్ల మాట లేదు అంది. ఆ పిల్లకు జర్నలిజం మీద ఆసక్తి ఉంది. ఆమెకు నేను ఏం చెప్పాలో మీరంతా చెప్పండి.


డెస్క్_మనిషి

టీచరమ్మా, ఆ పిల్లను ఎవరూ ఆపొద్దు. యూపీలోని చిత్రకూట్‌లో 2002లో కొందరు ఆడవాళ్లు ఖబర్ లహరియా అని బుందేలీ భాషలో పేపర్ మొదలుపెట్టారు, వాళ్లలో దళిత మహిళలే ఎక్కువ. తర్వాత ఫోన్లు పట్టుకుని వీడియోల్లోకి మారారు. పేపర్ పోయింది, పని పోలేదు. మన దగ్గర అలాంటిది జిల్లాకొకటి రాకపోవడానికి నాకు కారణం కనబడదు.

ఇంకో మాట. మీ గద్వాల వైపు నుంచే వచ్చిన సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఎవరో అంటే, ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి 1934లో 354 మంది కవులతో సంచిక వేశారు. ఆ కవులు అంతకుముందు లేరా? ఉన్నారు, రాసిపెట్టినవాళ్లు లేరు. మన ఊళ్ల సంగతి ఇప్పుడు మళ్లీ అలాగే అవుతుందని నా భయం. ప్రెస్ నోట్ ఇస్తే నీటుగా తిరగరాసే పని రేపు కంప్యూటరే చేస్తుంది, ఇప్పటికే చేస్తోంది, డెస్క్‌లో నాలాంటివాళ్ల ఉద్యోగాలు ముందు పోతాయి. కానీ ప్రెస్ నోట్‌లో లేనిది దానికి ఎవరు చెప్తారు? చెరువు కట్ట మీద మట్టి జారిన చోటు ఏ ప్రెస్ నోట్‌లో ఉంటుంది?


పాలమూరు_విలేకరి

ఇన్ని జవాబులు వస్తాయని అనుకోలేదు. రెండు రోజులు ఆలోచించి రాస్తున్నా.

టీచర్ గారూ, ఆ వంటామెకు జరిగినదానికి నేను క్షమాపణ అడిగితే చాలదని తెలుసు. నేను ఎవరినీ అలా బెదిరించలేదు. కానీ యాడ్ ఇచ్చినాయన మీద వార్త పంపకుండా ఆపుకున్నవి ఉన్నాయి, మూడు గట్టిగా గుర్తున్నాయి. ఒకటి అంగన్‌వాడీ బియ్యం సంగతి.

నిన్న మా ఇన్‌ఛార్జ్‌కు ఫోన్ చేసి, ఇక యాడ్స్ చేయను, వార్తలు మాత్రం రాస్తాను, కుదరదంటే తీసేయండి అని చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చూద్దాంలే అన్నారు. తీసేస్తారనే అనుకుంటున్నా. షాపు విషయం మా ఆవిడతో మాట్లాడాను, దసరాకు మొదలుపెడతాం, పొద్దున ఆమె కూర్చుంటుంది, సాయంత్రం నేను. ఛానల్ తమ్ముడూ, వీడియో తీయడం నాకు సరిగ్గా రాదు, నేర్పిస్తావా? బదులుగా నువ్వు పెట్టే ముందు నాకు ఫోన్ చెయ్, ఇంకొకరిని అడిగావా అని నేను అడుగుతాను.

ఈ ఆదివారం నుంచి నీరటిని వెంటబెట్టుకుని మా మండలంలో, పక్క మండలంలో చెరువులన్నీ తిరిగి చూడాలనుకుంటున్నా. ఏ కట్ట ఎక్కడ బలహీనంగా ఉంది, అలుగు ఏ ఊరి వైపు పారుతుంది, ఆ ఊళ్లో రాత్రిపూట ఫోన్ ఎత్తే మనిషి ఎవరు, అన్నీ నోటుబుక్కులో రాసుకోవాలి. ఎడ్మంటన్ అన్నా, డబ్బు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మీ నాన్నగారి ఊరు, చెరువు పేరు నాకు విడిగా మెసేజ్ పెట్టండి.


ఎడ్మంటన్_తెలుగు

పెట్టాను అన్నా. మా ఇల్లు కట్ట కిందనే, వేపచెట్టు పక్కన. నాన్న నంబర్ కూడా ఇచ్చాను. రాత్రి ఎనిమిదికే పడుకుంటాడు, చెవులు సరిగ్గా వినబడవు, ఎక్కువసేపు మోగనివ్వండి.